తాబేలుకి మళ్ళీ సున్నా

సెప్టెంబరు పన్నెండు. సైన్సు టీచరుకి ఆ తేదీ బాగా గుర్తు. మధ్యాహ్నం ఉడికించిన గుడ్డు ఒకటి తిని, రెండోది ఒలుస్తుండగా ప్రిన్సిపాల్ పిలిచాడు.

"ఎవరమ్మా ఈ తాబేలు? ప్రతి శుక్రవారం గుండు సున్నా! క్లాసు సగటంతా మంటగలుస్తోంది."

"అది తెలియకే తల బద్దలు కొట్టుకుంటున్నాను సార్."

శుక్రవారాలు ఆమె పెట్టే ఆన్‌లైన్ క్విజ్ అది. తెర మీద కోడ్ వస్తుంది. పిల్లలు మారుపేర్లతో చేరతారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. అయ్యాక అందరి ర్యాంకులూ తెర మీదికి ఎక్కుతాయి.

ఏ పేరు ఎవరిదో టీచరుకి తెలుసు, ఒక్క తాబేలుది తప్ప. ఎవడో కొంటెవాడు రెండో పేరుతో దూరుతున్నాడని ఆమె అనుమానం.

"తాబేలూ, ఈ జన్మకి కదలవా?" అని పిల్లల గోల.

అందరికన్నా గట్టిగా నవ్వేది పిచ్చుక పేరుతో ఆడే అమ్మాయి. చివరి నుంచి రెండో స్థానం ఎప్పుడూ ఆ పిల్లదే.

"ఎవరో చెప్పకపోతే ఆటల పీరియడ్ బంద్!" అని టీచరు బెదిరించినా తాబేలెవరో తేలలేదు.

దానికి తోడు వెనక కుర్చీలో ఫోను మాస్టారు. ఎవరో సెలవు పెడితే బదులుగా వచ్చిన పెద్దాయన. కాపీ కొట్టకుండా చూడమని కూర్చోబెడితే ఫోనులోంచి తలెత్తడు.

"మాస్టారూ, మీరు చూడాల్సింది పిల్లల్ని!"

"చూస్తూనే ఉన్నానమ్మా," అనేవాడు, వేలు ఆపకుండా.

ఆ మంటంతా ఆ రోజు ప్రిన్సిపాల్ ముందు బయటికొచ్చింది.

"ముందు ఆయన్ని పంపించేయండి సార్. కాపలా ఉండాల్సినవాడే ఫోనులో మునిగితే పిల్లలకి భయమేముంటుంది?"

పంపించేశారు.

వెళ్తూ ఆయన గుమ్మంలో ఆగాడు. "ఆ ర్యాంకులు అందరికీ చూపించకపోతేనేం తల్లీ?"

"పోటీ లేకపోతే చదవరు మాస్టారూ," అంది టీచరు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

తర్వాతి శుక్రవారం తాబేలు రాలేదు. పీడ వదిలిందనుకుంది.

తెర మీద అట్టడుగున పిచ్చుక.

"ఒరేయ్, కొత్త తాబేలు!"

క్లాసంతా గొల్లుమంది. పిచ్చుక బెంచీ మీద తల వాల్చేసింది. ఆపైన శుక్రవారం వస్తే చాలు, ఆ పిల్లకి కడుపునొప్పి.

ఒక సోమవారం సాయంత్రం వరండాలో పట్టుకుంది టీచరు. "ఈ దొంగ నొప్పులు ఎన్నాళ్ళే?"

"తాబేలు వస్తే వస్తాను మేడమ్. అది ఉంటే నేను చివర కాదుగా."

అందరూ వెళ్ళాక టీచరు పాత ఫలితాలు తెరిచింది. తాబేలు ఏ వారమూ ఒక్క ప్రశ్న వదల్లేదు, ఒక్క మార్కూ తెచ్చుకోలేదు.

కళ్ళు మూసుకుని నొక్కినా పదిలో రెండో మూడో తగులుతాయి. వారం వారం ఒక్కటీ తగలకూడదంటే, సరైన జవాబులన్నీ తెలిసుండాలి.



ఇకపై ర్యాంకులు తెర మీదికి రాకుండా ఆపేసి, లైటు ఆర్పి, పిచ్చుక కోసం ప్రతి శుక్రవారం ఓడిపోయిన మనిషి కూర్చున్న ఆ వెనక కుర్చీని ఒకసారి చూసి, మెల్లగా తలుపు మూసింది.