నీడ కొలత

రొదోపి కొండల్లో దోబ్రి మేస్త్రి కట్టిన వంతెన రాతి కమాను రెండుసార్లు ఏట్లో కూలింది. మూడోసారి కమానును బిగించే నడినెత్తి రాయి దిగేసరికి చీకటి పడింది. ఒళ్ళు హూనమై అతను కమాను మొదట్లో చేరగిలబడ్డాడు.

"ఇక కూలదులే బావా," అన్నాడు బావమరిది వెల్కో. "నీడ కొలిచిన తాడు రాళ్ళ మధ్య పెట్టేశా."

ఆ కొండల్లో మేస్త్రీల నమ్మకం దోబ్రికి తెలుసు. మనిషి నీడను కొలిచి గోడలో కట్టేస్తే వంతెన నిలుస్తుంది. ఆ మనిషి నిలవడు.

"ఎవరి నీడరా, దరిద్రుడా?"

"ఎవడైనా గొర్రెల కాపరిది కొలుద్దామనుకున్నా. పొద్దుటినుంచి ఒక్కడూ రాలేదు. నువ్వేమో నిలబడే కునుకుతున్నావు..."

"తీసెయ్యరా!"

"తాడు మీది రాయి పీకితే కమాను మళ్ళీ కూలుతుంది బావా."

దోబ్రి సుత్తి అందుకున్నాడు గాని చెయ్యి లేవలేదు. వీపు వెనక రాయిలో ఎవరో అలసటగా ఊపిరి తీస్తున్నారు. అతను తన ఊపిరి బిగబట్టాడు.

రాయిలో ఊపిరి ఆగలేదు.