దారోగా ఉపన్యాసం

తర్లగూడ సేవా సమాజం వారపు సమావేశానికి పోలీసు దారోగా పిలవకుండానే వచ్చాడు. జవాన్లందరినీ వెంట తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. కలరా గురించి తానే మాట్లాడతానన్నాడు.

కార్యదర్శి వెంకటనారాయణకు వీపంతా చెమట పట్టింది. వెట్టికి రానని ఎదురు తిరిగిన ఆయతు, సభ వెనకున్న మందుల గదిలోనే దాక్కున్నాడు. వాణ్ణి పట్టి తెమ్మని పైనుంచి హుకుం వచ్చింది. గదికి ఏటివైపు ఇంకో తలుపుంది. గోదావరి దాటితే నిజాం రాజ్యం, బస్తర్ పోలీసులు ముట్టుకోలేరు. కానీ రేవులో పడవ దగ్గర రాత్రింబవళ్లు కాపలా.

నీళ్లు శుభ్రపడటానికి బావిలో లాల్‌దవా మందు ఎలా కలపాలో దారోగా చెప్పాడు. నీళ్లు కాచి తాగమన్నాడు. మళ్లీ బావి మాటకే వచ్చాడు. చూపు మాత్రం మాటిమాటికీ మందుల గది మీదికే పోతోంది. ఒక జవాను లేవబోతే, "బైఠో, శురూ నుంచి విను" అని కసిరి, మళ్లీ మొదలుపెట్టాడు.

వెంకటనారాయణ కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. వందన సమర్పణకని రెండుసార్లు లేచాడు. దారోగా పట్టించుకోలేదు.

చివరికి నీళ్ల చెంబు అందిస్తూ బతిమాలాడు. "పొద్దుగూకుతాంది సాబ్. ఇగ ముగిద్దాం."

దారోగా చెంబు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అన్నాడు.

"నారాయణ్‌జీ, రేవు కాడి జవాన్లు గూడ ఈడనే కూసున్నరు. నా గొంతు పోతాంది. ఆ ఎనక తలుపు ఇంకెప్పుడు తీస్తరు?"