ఎదుటి తొట్టి

"ఇప్పుడు తిప్పలేనండి. నాకు మోకాలు నొప్పి" అన్నాడు బుల్లియ్య.

పచ్చి అబద్ధం. అతని మోకాళ్ళు ఉక్కుముక్కలు. పెద్దాపురం మరిడమ్మ జాతరలో మిట్టమధ్యాహ్నం జనం పలచబడ్డారు, మైకు ఆగింది, కారియర్లో అన్నం చల్లారిపోతోంది. అతనిది నిలువుగా తిరిగే నాలుగు తొట్టెల రంగులరాట్నం. చేత్తోనే తిప్పాలి. అన్నంవేళ ఒక్క మనిషి కోసం అంత చాకిరీ ఎవరు చేస్తారు? అబద్ధమాడినా అతికినట్టుండాలి కాబట్టి కుడి మోకాలు కాస్త రుద్దుకున్నాడు కూడా.

ఎదురుగా చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డ పెద్దమనిషి ఆ మోకాలి వంక అదోలా చూశాడు. ఆయన సామర్లకోటలో బట్టలకొట్టు షావుకారు గున్నేశ్వరరావు. ఆయన కుడికాలు నిజంగానే వంగదు. రిక్షా దిగి పది గజాలు రావడానికి నాలుగుసార్లు ఆగాడు. మోకాలికి ఆపరేషనయి మూడు నెలలయిందట. లోపల ఏ లోపమూ లేదని డాక్టరు ఎక్స్‌రే ఎత్తి మరీ చూపిస్తున్నాడట. కాలు మాత్రం లేవడం లేదు.

"ఎవరో దాని మీద తల పెట్టుకుని పడుకున్నంత బరువయ్యా" అన్నాడు. "ఈ రాట్నం ఎక్కితే వదులుతుందని నా ఆశ. కాదనకు."

రాట్నమెక్కితే కాలు బాగవుతుందన్న వైద్యం బుల్లియ్య ఎక్కడా వినలేదు. "ఒక్కరైతే కష్టమండి. ఎదుటి తొట్టిలో కూడా బరువుండాలి" అన్నాడు.

"ఒక్కణ్ణెందుకవుతాను? మా ఆవిడ సత్యకుమారి ఉందిగా. ఎదుటి తొట్టిలో ఆవిడ కూర్చుంటుంది."

బుల్లియ్య రిక్షా వైపు చూశాడు. రిక్షావాడు సీట్లో ముడుచుకుని కునుకు తీస్తున్నాడు. ఇంకెవరూ లేరు. పాపం ఎండకి మతి చెదిరిందనుకున్నాడు. ఈయనతో వాదించేకంటే నాలుగు చుట్లు తిప్పి పంపించడమే తేలిక అనిపించింది.

కర్ర తీసుకుని రాట్నం గుంజకి ఆనించాడు. షావుకారుని ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టి, కాలు చాపించి, అడ్డకమ్మి వేశాడు. ఊపిరి బిగబట్టి ఆ తొట్టిని పైకి పంపాడు. ఎదుటిది కిందికొచ్చింది. పైనున్న బరువు దిగిపోవాలని చూస్తుంది గనక, ఈ ఖాళీ తొట్టిని రెండు చేతులతోనూ అదిమి పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకో. ఆవిడకి భయం" అన్నాడు షావుకారు పైనుంచి.

బుల్లియ్య లోలోపల నవ్వుకున్నాడు. అంతలో తొట్టి కిర్రుమంది. అరచేతుల్ని పైకి తోస్తున్న బలం చప్పున పోయింది. చేతులు తీసేసి చూశాడు. రాట్నం కదల్లేదు.

పన్నెండేళ్ళుగా తిప్పుతున్న రాట్నం అది. ఎక్కినవాళ్ళ బరువు అతని చేతికే తెలిసిపోతుంది. ఒంటి మనిషి ఎక్కితే పైకి వెళ్ళేటప్పుడు మొరాయిస్తుంది, కిందికి వచ్చేటప్పుడు పడిపోతుంది. ఇవాళ పువ్వులా తిరిగింది. సగంలో వదిలేసి చూశాడు. ఒక పక్క షావుకారు, ఒక పక్క ఖాళీ తొట్టి, తక్కెడ సిబ్బెల్లా సమంగా నిలిచాయి.

"అయ్యా, అమ్మగారు..." అన్నాడు.

"పోయిన శ్రావణంలో కాలం చేసింది" అన్నాడు షావుకారు నెమ్మదిగా. "ఏటా ఈ జాతరలో రాట్నం ఎక్కుదామని అడిగేది. నాకు మోకాలు నొప్పి అనేవాణ్ణి. అప్పుడు నాకే నొప్పీ లేదు. కొట్టు వదిలి రావడం ఇష్టం లేక అలా అనేవాణ్ణి. ఆవిడ పోయిన పన్నెండో రోజున నిజంగానే పట్టేసింది."

మండుటెండలో బుల్లియ్యకి చలి పుట్టింది. మూడు చుట్లు తిప్పి, షావుకారు తొట్టిని కిందికి తెచ్చి అడ్డకమ్మి తీశాడు. భుజం ఇవ్వబోయేలోగా ఆయన మోకాలు వంచి తనంతట తనే దిగాడు. రెండడుగులు వేసి చూసుకున్నాడు. ఇంకో రెండు వేశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఈలోగా పైనున్న ఖాళీ తొట్టి, ఎవరూ ముట్టకుండానే, మెల్లగా దిగొచ్చి బుల్లియ్య ముందు ఆగింది.

"దిగండమ్మా" అన్నాడు బుల్లియ్య. అడుగున చెయ్యి పెట్టి తొట్టిని ఎత్తి చూశాడు. బరువు అలాగే ఉంది.

"ఇంకా తిరగాలని ఉన్నట్టుంది" అన్నాడు షావుకారు. "సరదా తీరేదాకా తిప్పు నాయనా. ఆవిడకి సాకులు మాత్రం చెప్పకు."

బుల్లియ్య ఆ తొట్టిని వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. భయంలో మనిషికి అలవాటైన మాటే ముందు నోటికొస్తుంది.

"నావల్ల కాదమ్మా. నాకు మోకాలు నొప్పి" అనేశాడు.

తొట్టి ఒక్కసారి తేలికపడి, ఎవరో దిగినట్టు అటూ ఇటూ ఊగింది. బుల్లియ్య హమ్మయ్య అనుకున్నాడు. షావుకారు అప్పటికే రిక్షా వైపు వడివడిగా నడిచిపోతున్నాడు. గుంజకి ఆనించిన చేతికర్ర కనబడి బుల్లియ్య దాన్ని అందుకున్నాడు.

"షావుకారుగారండీ, మీ కర్ర" అని పిలిచి, ఇచ్చివద్దామని అడుగు వెయ్యబోయాడు. కుడికాలు లేవలేదు.

షావుకారు వెనక్కి తిరగలేదు.

"ఉంచుకో నాయనా" అన్నాడు. "ఇక అది నీకే కావాలి."