కుళాయి నీళ్ళ వార్త

"ఈ వార్త వెయ్యం," అన్నాడు ఎడిటర్, కాగితాన్ని బల్ల మీద బోర్లిస్తూ.

"వెయ్యకపోతే ఊరు ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది సార్," అన్నాడు సబ్ ఎడిటర్. ఏనాడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఇవాళ మాత్రం బల్ల ముందు నుంచి కదలడం లేదు.

రంగుల ఫ్యాక్టరీ మురుగు మంచినీళ్ళలో కలిసింది. పొద్దుటి నుంచీ పిల్లలు వాంతులతో ఆసుపత్రికి వస్తున్నారని డాక్టరమ్మే స్వయంగా ఫోన్ చేసింది. కుళాయి నీళ్ళు తాగొద్దని జనానికి చెప్పాలి, అంతే. కాకపోతే ఆ ఫ్యాక్టరీకీ ఈ సాయంకాల పత్రికకీ యజమాని ఒక్కడే. పైగా మంత్రిగారి ఆఫీసు నుంచి ఎవరో ప్రభుత్వ ప్రకటనల సంగతి ఎంతో ఆప్యాయంగా గుర్తు చేశారు. 'కుళాయి నీళ్ళు భేష్' అనే వార్త కూడా శ్రమ లేకుండా వాళ్ళే రాసి పంపారు.

"ఇది వేసేసి ఇంటికెళ్దాం. మనకెందుకయ్యా?"

"వంతెన దిట్టంగా ఉందని రాయమన్నారు, రాశాను. వారం తిరక్కుండా కూలింది. ధరలు దిగొస్తాయని రాయమన్నారు, రాశాను. ఆకాశాన్నంటాయి. ఇన్నేళ్ళూ మీరేం చెబితే అదే రాశాను సార్. ఈ ఒక్కసారికి నిజం రాయనివ్వండి. నా ఉద్యోగం పోతే పోనీ."

ఎడిటర్ చెడ్డవాడు కాడు, భయస్తుడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకుని మళ్ళీ తీశాడు.

"మీ పాప ఏం చదువుతోంది?"

"రెండో క్లాసు సార్."

"మావాడూ అంతే." ఎడిటర్ బోర్లించిన కాగితాన్ని తిప్పి, అతని చేతిలో పెట్టాడు. "మొదటి పేజీలో వెయ్యి. పెద్దక్షరాల్లో. రేపు ఇద్దరం కలిసే రోడ్డున పడదాం."

ప్రెస్సు కదిలాక సబ్ ఎడిటర్ ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, కుళాయి నీళ్ళన్నీ పారబొయ్యి. పాపకి చుక్క కూడా పట్టకు."

"అలాగే నాన్నా," అంది అమ్మ.

రోజూ తన పేపర్ని మడిచి సంచీ అడుగున దాచుకునేవాడు, ఇవాళ మొదటి పేజీ నలుగురికీ కనబడేలా పట్టుకుని నడిచాడు. ఎవరి చేతిలో చూసినా అదే పేపరు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు గానీ గుండె మాత్రం హాయిగా ఉంది. వీధి చివర కుళాయి దగ్గర జనం గుంపుగా ఉన్నారు. బట్టలు ఉతుక్కోవడానికి కాబోలు అనుకున్నాడు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి, బడి నుంచి వచ్చిన పాప గ్లాసెత్తి గటగటా తాగుతోంది. పక్కనే అమ్మ, చేతిలో కూజా.

"ఎక్కడివమ్మా ఆ నీళ్ళు?"

"కుళాయివే."

ఒక్క ఉదుటున గ్లాసు లాక్కున్నాడు. అప్పటికే సగం ఖాళీ. పాప బిక్కమొహం వేసింది.

"పారబొయ్యమని చెప్పానా లేదా!" అరిచాడు.

"ఎందుకురా అంత కంగారు? నువ్వు చెప్పగానే నమ్మి చుక్క మిగల్చకుండా పారబోశాను," అంది అమ్మ, కొడుకు వైపు జాలిగా చూస్తూ. "తీరా మీ పేపరొచ్చాక చూస్తే, అందులోనూ అదే ఉంది. పాపం, నీచేత కూడా వాళ్ళే చెప్పించారని అప్పుడర్థమైంది. అందుకే వెళ్ళి మళ్ళీ కూజా నిండా పట్టుకొచ్చాను."