బండి బాగానే ఉంది

చెత్త లారీ క్యాబిన్‌లోకి ఓ ముసలాయన ఎక్కి కూర్చున్నాడు. చంకలో సంచీ, జేబులో నోటుబుక్కు.

"ఈ రోజంతా మీతోనే వస్తాను బాబూ. డీజిల్ ఎంత తాగుతుందో చూడాలి. నేనెవరినంటే..."

"తెలుసులెండి," అన్నాడు డ్రైవరు అప్పలసూరి.

పై ఆఫీసు మనిషి. ఇంకెవరై ఉంటారు? సర్కారు బళ్ల ఖర్చు తగ్గించడానికి లోపమున్న లారీలను తుక్కుకి పంపుతారని గ్యారేజీలో నెల నుంచీ ఒకటే మాట. బండి పోతే దాని మీది కాంట్రాక్టు డ్రైవరూ పోతాడు.

చెత్త ఎక్కించే గురవమ్మ కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏటి బావా, కొత్తల్లుడినెక్కించినావు? సీటు తుడిచినావా?"

"ఊరుకోయే."

లారీ సెల్ఫ్ స్టార్టరు పాడై ఏడాదయింది. ఇంజను ఆపితే మళ్లీ నలుగురు నెట్టాలి. అందుకే రోజూ ధాపా చెత్తకొండ దగ్గర క్యూలో రెండు గంటలు ఇంజను ఆపకుండానే ఉంచుతాడు. డీజిలంతా అక్కడే కాలిపోతుంది.

ఆ రోజు మాత్రం బైపాసు నుంచి దిగే వాలు మీద లారీ నిలిపి ఇంజను ఆపేశాడు. క్యూ కదలగానే బ్రేకు వదిలి, దొర్లించి, గేరు వేసి స్టార్టు చేశాడు.

ముసలాయన తాళంచెవి వైపు చూశాడు.

"సెల్ఫ్ పనిచేస్తుందా బాబూ?"

"చేస్తాదండి."

"లోపముంటే చెప్పు. రాస్తాను."

"బంగారం లాంటి బండండి."

"ఆలోచించుకో. నీ సంతకం లేకపోతే నేను రాసింది చెల్లదు."

"ఏటండీ, మా బండి బాగుండటం మీకిష్టం లేదేటి?"

ఆయన 'లోపం లేదు' అని రాసి పుస్తకం జరిపాడు. అప్పలసూరి సంతకం పెట్టాడు.

తిరుగుదారిలో టీ తాగుదామన్నాడు ముసలాయన. డ్యూటీలో తాగనని చెప్పి అప్పలసూరి ఆయన్ని వానలోనే దించేశాడు.

నెల తిరిగేసరికి గ్యారేజీ గోడ మీద కాగితం అంటించారు. లోపముందని డ్రైవరు రాసివ్వని బండి ఎక్కువ తాగితే, ఆ డ్రైవరు డీజిల్ అమ్ముకున్నట్టే. రేపటి నుంచి రానక్కర్లేదు. కింద రాసిన పేర్లలో మొదటిది అప్పలసూరిది.

అతను యూనియన్ గదికి వెళ్లి నాయకుడు మృత్యుంజయ దాదా ముందు నిలబడ్డాడు.

"నాను డీజిల్ చుక్క ముట్టలేదు దాదా. సెల్ఫ్ పాడు."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

"ఆఫీసోడికెలా చెప్తాను?"

దాదా కుర్చీలోంచి లేచాడు.

"ఆఫీసెక్కడిది? ఆయన నువ్వు రాకముందు మన గ్యారేజీలో పనిచేసిన పాత మెకానిక్కు బ్రహ్మయ్య. మిమ్మల్ని దొంగలంటారని తెలిసి, తప్పు బళ్లదేనని రాసుకురమ్మని నేనే పంపాను."