నాలుక చెప్పిన తీర్పు

“తాగుతున్నాడు వదినా!” తలుపు సందులోంచి తొంగిచూస్తూ గుసగుసలాడింది ఆడపడుచు.

వంటింట్లో ఇల్లాలి చేతిలోని చెంచా ఆగిపోయింది. “ముఖం ఎలా ఉంది?”

“ఎప్పటిలాగే ముఖంలా ఉంది.”

“వేళాకోళం తర్వాత. కనుబొమలు ముడిపడ్డాయా లేదా, అది చెప్పు.”

ఆమె భయం అకారణం కాదు. ఆమె భర్త ఒక కాఫీ కంపెనీలో రుచి తేల్చే ఉద్యోగి. పాలనూ నీళ్లనూ విడదీసే హంసవలె, ఒక్క గుక్క పుక్కిలించి, గింజకు ఎండ చాలిందో లేదో, వేపుడులో ఎక్కడ మాడిందో చెప్పగల దిట్ట. తోటివారు ఆయనను ‘బంగారు నాలుక’ అంటారు. అటువంటి మహానుభావునికి గుండెదడ పట్టుకుంది. కాఫీ మానితే తప్ప తగ్గదని డాక్టరు తేల్చాడు. ఆఫీసులో చవిచూసి ఉమ్మివేస్తాడు గనుక అక్కడ పేచీ లేదు. ఇంట్లో మింగే కప్పులతోనే చిక్కు. ఆయనేమో చెబితే వినే ఘటం కాదు. అందుకే ఆ ఉదయం ఆమె కాఫీపొడి డబ్బాను అటకమీద దాచి, చికోరీ వేరును వేయించి కొట్టిన పొడితో డికాషన్ దించింది. అదే నలుపు, ఇంచుమించు అదే చేదు. దడ పుట్టించే కెఫీన్ మాత్రం అందులో లేదు.

“అయిపోయింది వదినా! అడుగున చుక్క కూడా మిగల్చలేదు.” ఆడపడుచు చప్పుడు కాకుండా చప్పట్లు చరిచింది. “మా అన్నయ్యది బంగారు నాలుక కాదు, ఉత్త గిల్టు!”

“ఊరుకో! తోడబుట్టినవాణ్ణి పట్టుకుని అంత మాటంటావా?” అని మందలించిందే గాని, వచ్చే నవ్వును అరచేత అదుముకోవడానికి ఆమె చాలా అవస్థ పడింది.

అంతలో ముందుగదిలోంచి పిలుపు వినవచ్చింది. “ఏమోయ్, ఒకసారి ఇలా రా.”

ఇద్దరూ వెళ్లారు. ఆయన ఖాళీ కప్పును, పోయిన ఆప్తుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

“నా పని అయిపోయిందే. ఈ నాలుక ఇక పనికిరాదు.”

ఆమె నవ్వు ఎక్కడిదక్కడే ఇంకిపోయింది. “అవేం మాటలండీ, పొద్దున్నే!”

“ఉన్నమాటే. రేపు కొత్త పంట నమూనాలు వస్తున్నాయి. నేను ఊఁ అన్న గింజనే వాళ్లు కొంటారు. ఈ నాలుకను నమ్మి వాళ్లను నట్టేట ముంచలేను. వేరే మనిషిని చూసుకోమని మేనేజరుకు ఇప్పుడే చెప్పేస్తాను.”

“తొందరపడకన్నయ్యా. ఒక లవంగం బుగ్గన పెట్టుకుని చూడు,” అంది చెల్లెలు.

“నీ వైద్యం నీ దగ్గరే ఉంచుకో తల్లీ,” అంటూ ఆయన ఫోన్ అందుకున్నాడు.

ఇల్లాలికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. నిజం చెబితే మళ్లీ ఆ కాఫీ, మళ్లీ ఆ దడ. చెప్పకపోతే, గుండెను కాపాడబోయి కొలువును పోగొట్టిన పాపం. ఆడపడుచు మోచేత్తో పొడిచింది.

“చెప్పెయ్ వదినా.”

“నువ్వే చెప్పు.”

“డికాషన్ దించింది నువ్వు!”

“సలహా ఇచ్చింది నువ్వు!”

“ఏమిటా గొణుగుడు?” అన్నాడాయన, నంబరు నొక్కబోతూ.

“అయ్యో, ఫోన్ పెట్టేయండీ!” ఆమె అడ్డం వచ్చి నిలబడింది. “మీరు తాగింది కాఫీ కాదు, చికోరీ. మీ దడ చూడలేక నేనే మార్చాను. తేడాగా తోచి ఉంటుంది, మీరు నాలుకను అనుమానించారు. తప్పు నాది. తిట్టదలిస్తే నన్ను తిట్టండి, ఉద్యోగం మాత్రం వదలకండి.”

ఆయన ఆమెవైపు జాలిగా చూశాడు. “చికోరీ అని నాకు తెలియదనుకున్నావా? కప్పు పెదవికి తగలకముందే తెలిసింది.”

ఆమె తెల్లబోయింది. “తెలిసిందా? మరి నాలుక పనికిరాదన్నారేం?”

ఆయన మళ్లీ ఖాళీ కప్పువైపు చూశాడు. “అదేగా నా గోడు! కాఫీ తప్ప వేరొకదాన్ని గడప తొక్కనివ్వని మనిషిని. ఇవాళ చికోరీ అని తెలిసీ ఆఖరి చుక్కదాకా తాగాను. ఇంకో కప్పు అడుగుదామా అనిపించింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో తాగుతున్న అసలు కాఫీకంటే అదే రుచిగా ఉంది! కాఫీని చికోరీ గెలిచిందని చెప్పే నాలుకను రేపు ఏ ముఖంతో ఆఫీసుకు తీసుకెళ్లను?”

ఆడపడుచు మెల్లగా ఆయన చేతిలోని ఫోన్ తీసుకుని బల్లమీద పెట్టింది. తర్వాత ముందుజాగ్రత్తగా, వదిన చేతికి అందనంత దూరం జరిగి నిలబడింది.

“నీ నాలుకకేం కాలేదన్నయ్యా! చికోరీ గెలిచింది కాఫీని కాదు, వదిన పెట్టే కాఫీని.”