ఒంటె లేని బొమ్మ

“మరి ఒంటె ఏదమ్మా?” అని అడిగాడు వలీ మాస్టారు.

నాలుగో తరగతి జుబేదా తను వేసిన బొమ్మకేసి ఓసారి, మాస్టారికేసి ఓసారి చూసింది. బొమ్మలో నుయ్యి ఉంది. చేద పట్టుకున్న ముసలమ్మ ఉంది. కడవలతో వరసలో నిలబడ్డ జనం ఉన్నారు. ఒంటె మాత్రం ఎక్కడా లేదు.

“ఈ కతలో ఒంటె రాదండి,” అంది మెల్లగా.

మాస్టారు చేతిలోని ఉర్దూ పుస్తకం పైకెత్తి అందరికీ చూపించాడు. అట్ట మీద ఒంటె దర్జాగా నిలబడి ఉంది. వరండా నిండా కూర్చున్న పెద్దవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

అది 1955. చోడవరంలోని ఆ ఎలిమెంటరీ బడిలో తెలుగు పిల్లలూ ఉర్దూ పిల్లలూ ఒకే కప్పు కింద చదువుకునేవారు. హెడ్మాస్టరు గణపతిరావు గారికి ఏదో ఒక ముచ్చట లేకపోతే పొద్దుపోదు. బీరువాలో పుస్తకాలను చెదపురుగులు తప్ప ఎవరూ ముట్టడం లేదని బెంగపెట్టుకుని, ఆ ఏడు పుస్తకాల పండగ పెట్టారు. ఒక్కొక్కరూ ఓ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి చదవాలి, ఆ కథకు బొమ్మ వెయ్యాలి, తల్లిదండ్రుల ముందు ఆ కథ చెప్పాలి. రంగులు కొనే పని లేదు. పసుపు, జాజు, నీలిమందు, ఆకు పసరు ఎవరింట్లోవి వారే తెచ్చుకున్నారు. వాటితో పిల్లల చేత బొమ్మలు వేయించడంలో వలీ మాస్టారి తర్వాతే ఎవరైనా.

ఆయన కె.కోటపాడులో దూది ఏకేవాళ్ల ఇంట పుట్టాడు. ఆ ఇంట్లో ట్రైనింగు పాసయిన మొదటివాడు. నిరుడు ఉర్దూ సెక్షను తెరిచినప్పుడు, జాబితాలో పేరు చూడగానే జిల్లా బోర్డువారు ఆయన్ని ఇక్కడ వేశారు. ఆయన పాఠం చెప్పే తీరంటే గణపతిరావు గారికి మహా గురి. పొద్దున్నే మసీదు దగ్గర అక్షరాలు దిద్దుకొచ్చిన పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత చదివిస్తారు, మాస్టారు పక్కన కూర్చుని వింటాడు. లెక్కలూ బొమ్మలూ తనే చెబుతాడు. బెత్తం ముట్టడు. ఇదేదో పట్నంలో వచ్చిన కొత్త పద్ధతి కాబోలని హెడ్మాస్టరు పొరుగు బళ్లలో కూడా చెప్పుకునేవారు.

అటువంటి మాస్టారు ఆ పండగనాడు అందరూ చూస్తుండగా జుబేదా బొమ్మను గోడ మీంచి తీసేశాడు.

“చదవకుండా చదివేనని చెప్పడం తప్పు కదమ్మా,” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అందుకే అందరూ నమ్మారు. పిల్ల వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత మూడు రోజులు బడికి రాలేదు.

నాలుగో రోజు తల్లి సుగ్రా బేగం వచ్చింది. ఆమె భర్త వడ్డాది సంతలో గాజులమ్ముతాడు. ఆమె ఆ ఉర్దూ పుస్తకాన్ని హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి, ఆ ఒంటె అచ్చువేసిన కంపెనీవాళ్ల గుర్తని చెప్పింది. తమ ఇంట్లో ఉన్న నాలుగు పుస్తకాల మీదా అదే ఒంటె ఉందట. లోపల మొదటి నుంచి చివరిదాకా నుయ్యీ ముసలమ్మేనట.

వలీ మాస్టారు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

“మీరు సెప్పేరంటే నిజమే అయ్యుంటాదనుకున్నాను బాబూ. ఇంటికెళ్లి మా గుంటని కొట్టేను. పుస్తకం తరవాత తీసి సూసేను.”

ఆమె గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి. ఆ దెబ్బలు తను కొట్టినట్టే ఉంది. సిగ్గుతో మొహం కందిపోయింది.

“నేను ఆ పుస్తకం చదవలేదండి,” అన్నాడు.

గణపతిరావు గారు తేలిగ్గా తీసుకున్నారు. నలభై పుస్తకాలు చదవడానికి ఏ మాస్టారికి తీరుబడి ఉంటుందని ఆయనే ఎదురు సర్దిచెప్పారు. సుగ్రా బేగం కూడా నిజమేనంది. వాళ్లిద్దరూ అంత సులువుగా మన్నించేస్తుంటే మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

“అది మాత్రం ఇంక పుస్తకం ముట్టనంటంది,” అని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

బడి వదలగానే మాస్టారు బొమ్మను చుట్టి చంకన పెట్టుకుని వాళ్లింటికి బయల్దేరాడు. తన మాట వల్ల ఓ పిల్ల చదువు మానేస్తే ఇక ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పడం? దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. తీరుబడి లేకపోయింది, అట్ట చూసి పొరబడ్డాను, పండగ హడావుడి. హెడ్మాస్టరు ఇచ్చిన సాకు కూడా చేతిలో సిద్ధంగా ఉంది.

జుబేదా అరుగు మీద గాజులు జతలు కడుతోంది. మాస్టారిని చూసి లేచి నిలబడింది. ఆయన బొమ్మను ఆమె చేతికిచ్చి, తప్పంతా తనదేనన్నాడు. రేపు బడిలో అందరి ముందూ ఆ మాటే చెబుతానన్నాడు. తనే మళ్లీ గోడకు అంటిస్తానన్నాడు. పిల్ల అంతా విని బొమ్మను విప్పి చూసుకుంది.

“మీరు సదవకండా, కతలో ఒంటె ఉందని ఎలా సెప్పేరు మాస్టారూ?”

వెటకారం కాదు, నిజంగానే తెలీక అడిగింది. దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ ఆయన వదిలేశాడు. ఈ పిల్ల దగ్గర కూడా దాస్తే ఇక తను మనిషినే కాననిపించింది. గూట్లో ఉన్న ఆమె పలక, బలపం తీసుకుని, ఆమె ఎదుట నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

“ఉర్దూలో మొదటి అక్షరం ఎలా రాస్తారమ్మా?” అని అడిగాడు ఉర్దూ మాస్టారు.